ఛాయాచిత్ర బహుమతుల తీర్పరులు: చిక్కుపడిన ఒక చర్చకు సమీక్ష

ఛాయాచిత్ర పోటీల చరిత్రలో బహుమతి పొందిన చిత్రాలకు దక్కినంత శ్రద్ధ, వాటిని ఎంపిక చేసిన న్యాయనిర్ణేతలకు చాలాకాలం దక్కలేదు. ఫలితాల ప్రకటన చివర నాలుగైదు పేర్లుగా కనిపించి మరుగున పడిపోయే ఈ వ్యక్తులు, 2010 నుంచి వరుసగా తలెత్తిన వివాదాల వల్ల చర్చకు కేంద్రమయ్యారు. ఇచ్చిన బహుమతిని వెనక్కి తీసుకున్న సందర్భాలు, జ్యూరీ అధ్యక్షుడే తన మండలి తీర్పుతో పత్రికాముఖంగా విభేదించిన సందర్భం, కెమెరాతో పనిలేకుండా యంత్రం తయారుచేసిన బొమ్మకు బహుమతి దక్కిన సందర్భం ఒకదాని వెంట ఒకటి రావడంతో తీర్పరుల అర్హత, అధికారం, జవాబుదారీతనం మూడూ ప్రశ్నార్థకమయ్యాయి.

ఈ చర్చ చిక్కుపడడానికి ముఖ్య కారణం మూడు వేర్వేరు ప్రశ్నలు ఒకే ప్రశ్నగా చలామణి కావడమే. చిత్రం నిజమైనదేనా అన్నది మొదటిది. అది మంచి చిత్రమేనా అన్నది రెండోది. దాన్ని గౌరవించడం తగునా అన్నది మూడోది. మొదటిది సాక్ష్యానికి, రెండోది అభిరుచికి, మూడోది నైతిక బాధ్యతకు సంబంధించినవి. ఒక ప్రశ్నకు జవాబు చెప్పేందుకు ఏర్పడిన మండలిని మరో ప్రశ్న విషయంలో విఫలమైందని తప్పుపట్టడం వల్లనే చాలా వివాదాలు ఎటూ తేలకుండా మిగిలిపోయాయి. ఆమ్‌స్టర్‌డామ్ కేంద్రంగా నడిచే వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీని ప్రధాన ఉదాహరణగా తీసుకుని, పులిట్జర్ బహుమతులను, లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వన్యప్రాణి ఛాయాచిత్ర పోటీని, ఔత్సాహికుల సలాన్ పోటీలను దాని పక్కన నిలిపి ఈ మూడు ప్రశ్నలను విడదీసి చూడడం ఈ సమీక్ష ఉద్దేశం.

చారిత్రక నేపథ్యం: సలాన్ నుంచి వార్తాచిత్రం దాకా

ఛాయాచిత్రానికి తీర్పరుల అవసరం ప్రదర్శనలతోనే మొదలైంది. లండన్‌లో 1853లో ఫోటోగ్రాఫిక్ సొసైటీ ఏర్పడగా, ఆ వెంటనే 1854లో బొంబాయిలోనూ, 1856లో కలకత్తా, మద్రాసుల్లోనూ ఇటువంటి సంఘాలు వెలిశాయి. గోడమీద చోటు పరిమితం కనుక ఏ చిత్రాన్ని వేలాడదీయాలో, దేన్ని తిప్పి పంపాలో నిర్ణయించే చిన్న సంఘాలు ఇటువంటి ప్రదర్శనలకు అవసరమయ్యాయి. ఛాయాచిత్రం కేవలం యాంత్రిక నకలు కాదని, అదీ ఒక కళేనని నిరూపించాలనే తపన ఆ కాలపు ఎంపికలను ప్రభావితం చేసింది.

1892లో లండన్‌లో ఏర్పడిన లింక్డ్ రింగ్ అనే బృందం ఈ విషయంలో ఒక కొత్త పద్ధతిని పాటించింది. ఆ బృందం మరుసటి ఏడాది నుంచి నిర్వహించిన సలాన్‌లో, అంటే ఎంపిక చేసిన చిత్రాల వార్షిక ప్రదర్శనలో, పతకాలు లేవు. ఎంపిక కావడమే గౌరవమన్నది వారి భావన. పతకం లేనంత మాత్రాన తగాదా తప్పలేదు. 1908 ప్రదర్శనలో ఎంపిక సంఘంపై అమెరికన్ సభ్యుల ప్రాబల్యం ఎక్కువైందని, గోడల మీద వారి చిత్రాలే నిండాయని విమర్శలు రావడంతో, తిరస్కృతుల చిత్రాలతో ఎఫ్. జె. మార్టిమర్ పోటీ ప్రదర్శన ఏర్పాటు చేశాడు. ఆల్‌ఫ్రెడ్ స్టీగ్లిట్జ్ వంటి ప్రముఖులు బృందం నుంచి తప్పుకున్నారు. కొద్దికాలానికే బృందం చెదిరిపోయింది. తీర్పరుల కూర్పే తీర్పును నిర్ణయిస్తుందన్న నేటి ఆరోపణకు శతాబ్దానికి పైబడిన వయసుందని ఈ ఉదంతం తెలుపుతుంది.

ఇరవయ్యో శతాబ్దంలో ఈ సంప్రదాయం రెండు పాయలుగా చీలింది. ఒక పాయ ఔత్సాహికుల సలాన్‌గా కొనసాగి, 1950లో బెర్న్‌లో తొలి మహాసభ జరుపుకున్న అంతర్జాతీయ ఛాయాచిత్ర కళా సమాఖ్య, అంటే ఫియాప్, నియమాల కిందికి వచ్చింది. రెండో పాయ పత్రికా ఛాయాచిత్రానిది. పులిట్జర్ బహుమతుల్లో ఛాయాచిత్ర విభాగం 1942లో మొదలై, డెట్రాయిట్‌లో ఫోర్డ్ కార్మికుల సమ్మె ఘర్షణను చిత్రించిన మిల్టన్ బ్రూక్స్‌కు తొలి బహుమతి దక్కింది. 1968లో ఆ విభాగం తక్షణ వార్త, ఫీచర్ అని రెండుగా విడిపోయింది. 1955లో నెదర్లాండ్స్ పత్రికా ఛాయాచిత్రకారుల సంఘం తన జాతీయ పోటీకి అంతర్జాతీయ రూపంగా వరల్డ్ ప్రెస్ ఫోటోను ప్రారంభించింది. తొలి ఏడాది 11 దేశాల నుంచి 42 మంది మాత్రమే పాల్గొనగా, మోటార్‌సైకిల్ పందెంలో పడిపోతున్న పోటీదారును చిత్రించిన డెన్మార్క్ ఛాయాచిత్రకారుడు మోగెన్స్ వాన్ హేవన్‌కు ప్రథమ గౌరవం లభించింది. 2017 నాటికి ఈ పోటీకి 125 దేశాల నుంచి 5,034 మంది 80,408 చిత్రాలు పంపారు.

తీర్పు తయారయ్యే తీరు

ఇంత పెద్ద రాశిని కొద్దిమంది కొద్దిరోజుల్లో చూడాలంటే వడపోత తప్పదు. వార్తాచిత్ర పోటీల్లో సాధారణంగా చిత్రకారుడి పేరు కనిపించకుండా చిత్రాలను తెరమీద చూపుతారు. తొలి దశల్లో ఉంచాలా, తీసేయాలా అన్నంత వరకే సభ్యులు ఓటు వేస్తారు. తొలి దశల్లో ఒక్కో చిత్రానికి దక్కేది కొన్ని క్షణాలే కాగా, చర్చకు, వాదోపవాదాలకు తావు దొరికేది చివరి దశల్లోనే. దీనివల్ల మొదటి చూపులోనే పట్టి నిలిపే చిత్రానికి మొగ్గు ఉంటుందని, నెమ్మదిగా అర్థమయ్యే చిత్రం చర్చ దాకా చేరకముందే రాలిపోతుందని విమర్శకులు చెబుతారు. 2008లో వరల్డ్ ప్రెస్ ఫోటోకు తీర్పరులుగా పనిచేసిన ఆడమ్ బ్రూంబర్గ్, ఆలివర్ చానరిన్ ఆ అనుభవంపై రాసిన వ్యాసంలో, ఏటా అవే మూసలు, అవే భంగిమలు తిరిగి గెలుస్తున్నాయని లోపలివారుగానే తప్పుపట్టారు.

పులిట్జర్ పద్ధతి దీనికి భిన్నమైనది. అక్కడ జ్యూరీ విజేతను ప్రకటించదు; ముగ్గురు తుది అభ్యర్థులను సిఫారసు చేస్తుంది. అంతిమ నిర్ణయం బోర్డుది. నిపుణుల తీర్పు ఒక అంచెలో, సంస్థాగత బాధ్యత మరో అంచెలో ఉండడం వల్ల జ్యూరీపై ఒత్తిడి తగ్గుతుందని సమర్థకులు, తీర్పుకు అసలు బాధ్యులెవరో తెలియకుండా పోతుందని విమర్శకులు వాదిస్తారు. సలాన్ పోటీల్లో చర్చకు దాదాపు తావే లేదు: ప్రతి తీర్పరి విడివిడిగా అంకెలు వేస్తే, వాటి మొత్తాన్ని బట్టి చిత్రానికి ప్రవేశం, అంటే పోటీదారుల వాడుకలో యాక్సెప్టెన్స్, దక్కుతుంది.

ఈ మూడు పద్ధతుల్లో ఏది నమ్మదగినదన్న ప్రశ్నకు ఛాయాచిత్ర రంగం బయట జరిగిన అధ్యయనాలు కొంత వెలుగునిస్తాయి. సమష్టి తీర్పు వ్యక్తి తీర్పుకన్నా మెరుగని ఫ్రెంచి గణితవేత్త కోండోర్సే 1785లోనే నిరూపించినా, సభ్యులు ఒకరి ప్రభావానికి ఒకరు లోనుకాకుండా ఓటు వేయాలన్నది అందులో ఒక షరతు. 2003లో గిన్స్‌బర్గ్, వాన్ అవర్స్ అనే ఆర్థికవేత్తలు బ్రస్సెల్స్‌లోని క్వీన్ ఎలిజబెత్ సంగీత పోటీ ఫలితాలను పరిశీలించి, చీటీల ద్వారా నిర్ణయమైన ప్రదర్శన క్రమం కూడా ర్యాంకులను ప్రభావితం చేసిందని తేల్చారు. 2008లో రాబర్ట్ హాడ్సన్ కాలిఫోర్నియా వైన్ పోటీలో ఒకే వైన్‌ను ఒకే తీర్పరికి పలుమార్లు ఇచ్చి చూస్తే, ప్రతిసారీ దగ్గరి అంకెలు వేయగలిగినవారు పదిమందిలో ఒకరు మాత్రమే కనిపించారు. ఛాయాచిత్ర పోటీలకు ఈ ఫలితాలు యథాతథంగా వర్తిస్తాయని చెప్పలేకపోయినా, నిపుణుల తీర్పు స్థిరంగా ఉంటుందన్న నమ్మకాన్ని పరీక్షించకుండా అంగీకరించరాదని ఇవి హెచ్చరిస్తాయి.

నాలుగు ఆలోచనా ధోరణులు

*రూపవాదం.* చిత్రంలోని వెలుగునీడలు, కూర్పు, క్షణం, సాంకేతిక నైపుణ్యం మాత్రమే తీర్పుకు ఆధారం కావాలనేది ఈ ధోరణి. సలాన్ సంప్రదాయం దీనికి పుట్టిల్లు. చిత్రకారుడు ఎవరు, ఎక్కడివాడు అన్న సంగతితో పనిలేకుండా చిత్రం తన కాళ్లమీద తాను నిలవాలన్న సూత్రం దీని బలం. ఆ సూత్రానికి ఆధారమైన అభిరుచి సైతం ఒక వర్గానికి, ఒక కాలానికి చెందినదేనని ఫ్రెంచి సామాజిక శాస్త్రవేత్త పియర్ బూర్ద్యూ 1965లో ఛాయాచిత్రంపై వెలువరించిన అధ్యయనం చూపింది. ఇక జేమ్స్ ఇంగ్లిష్ 2005లో సాహిత్య, కళా బహుమతులపై రాసిన గ్రంథం మరో మెట్టు ఎక్కి, బహుమతి ప్రతిభను గుర్తించడమే కాక ప్రతిష్ఠను తయారుచేసి చలామణిలో పెడుతుందని, వివాదం సైతం ఆ చలామణిలో భాగమేనని వాదించింది.

*సాక్ష్యవాదం.* వార్తాచిత్రం మొదట సాక్ష్యం, తరువాతే కళ అనేది రెండో ధోరణి. డిజిటల్ మార్పులు సులువైన కొద్దీ దీని పట్టు పెరిగింది. 2010లో ఉక్రెయిన్‌కు చెందిన స్తెపాన్ రుదిక్ కీవ్ వీధిపోరాటాలపై తీసిన చిత్రమాలికకు వరల్డ్ ప్రెస్ ఫోటో పోటీలో దక్కిన మూడో బహుమతి రద్దయింది. ఆ చిత్రాల్లో ఒకదాన్ని ఆయన భారీగా కత్తిరించి, రంగు తీసేసి, అంచులు నల్లబరిచాడు. వాటికి అభ్యంతరం రాలేదు. నేపథ్యంలో కనిపించిన పాదం చిన్న ముక్కను చెరిపేయడమే నియమభంగమైంది. చిత్రం స్వరూపాన్నే మార్చే కత్తిరింపు సమ్మతమై, కంటికి ఆనని చెరిపివేత నిషిద్ధం కావడం ఈ ధోరణిలోని గీత ఎక్కడుందో, ఎంత సన్ననిదో తెలుపుతుంది.

2013లో గాజా అంత్యక్రియల ఊరేగింపు చిత్రానికి అదే పోటీలో ప్రథమ గౌరవం పొందిన స్వీడన్ ఛాయాచిత్రకారుడు పాల్ హాన్సెన్‌పై, పలు చిత్రాలను అతికించాడన్న ఆరోపణ వచ్చింది. సంస్థ నియమించిన స్వతంత్ర నిపుణులు అసలు ఫైలును పరిశీలించి, రంగుల్లో, వెలుతురులో సవరణలు ఉన్నా అతుకులు లేవని తేల్చడంతో బహుమతి నిలిచింది. 2014లో డేవిడ్ క్యాంప్‌బెల్ వివిధ దేశాల వార్తాసంస్థల ప్రమాణాలపై ఈ సంస్థ కోసమే రూపొందించిన నివేదిక, విషయాన్ని చేర్చడం, తొలగించడం తప్పన్న ఏకాభిప్రాయం దాదాపు అంతటా ఉందని నమోదు చేసింది. ఆ వెంటనే 2015 పోటీలో చివరి దశకు ముందరి దశ దాకా చేరిన ఎంట్రీల్లో దాదాపు ఐదో వంతు ఇటువంటి మార్పుల వల్ల అనర్హమయ్యాయి. సాక్ష్యానికి సంబంధించిన తనిఖీ ఈ దశలో తీర్పరుల చూపు నుంచి ఫోరెన్సిక్ నిపుణుల చేతికి మారిందని చెప్పవచ్చు.

ఫైలు తనిఖీతో అంతా తేలదని అదే ఏడాది రుజువైంది. ఇటలీకి చెందిన జొవాన్ని త్రోయిలో బెల్జియం పట్టణం షార్లెరువాపై సమర్పించిన చిత్రమాలికలో కొన్ని దృశ్యాలను ఏర్పాటు చేసి తీశాడని ఫిర్యాదులు వచ్చినప్పుడు సంస్థ తొలుత బహుమతిని సమర్థించింది. మాలికలోని ఒక చిత్రం అసలు ఆ పట్టణంలోనే తీసినది కాదని, బ్రస్సెల్స్ నగర భాగమైన మొలెన్‌బీక్‌లో తీసినదని బయటపడ్డాకే రద్దుచేసింది. పెర్పిన్యాన్‌లో జరిగే విజా పూర్ లిమాజ్ ఉత్సవం ఆ ఏడాది వరల్డ్ ప్రెస్ ఫోటో ప్రదర్శనను నిరాకరించింది. ఫలితంగా మరుసటి పోటీ నుంచి లిఖిత నైతిక నియమావళి అమల్లోకి వచ్చింది. వన్యప్రాణి పోటీలోనూ ఇదే జరిగింది: 2009 విజేత చిత్రంలో గేటు దూకుతున్న తోడేలు పెంపుడు జంతువన్న నిర్ధారణతోనూ, 2017లో ఒక విభాగంలో గెలిచిన చిత్రంలోని చీమలు తినే జంతువు గడ్డి కూరిన బొమ్మ అన్న నిర్ధారణతోనూ బహుమతులు రద్దయ్యాయి. ఈ సందర్భాల్లో ఫైలు నిజమైనదే. కెమెరా ముందున్నదే నకిలీ.

*నైతిక బాధ్యతా వాదం.* చిత్రం నిజమే కావచ్చు, గొప్పదే కావచ్చు, అయినా దాన్ని ప్రపంచం ముందు ఏడాది చిత్రంగా నిలపవచ్చునా అనేది మూడో ధోరణి ప్రశ్న. దీనికి పరాకాష్ఠ 2017లో వచ్చింది. అంకారాలో రష్యా రాయబారి ఆంద్రేయ్ కార్లోవ్‌ను కాల్చి చంపిన వ్యక్తి చేయెత్తి అరుస్తున్న క్షణాన్ని బుర్హాన్ ఓజ్‌బిలిజి చిత్రించగా, వరల్డ్ ప్రెస్ ఫోటో జ్యూరీ స్వల్ప తేడాతో దానికే ప్రథమ గౌరవం ఇచ్చింది. జ్యూరీ అధ్యక్షుడు, 1989లో తియానన్‌మెన్ చౌకు దగ్గర ట్యాంకుల ముందు నిలిచిన వ్యక్తిని చిత్రించినవారిలో ఒకరైన స్టువర్ట్ ఫ్రాంక్లిన్, ఆ నిర్ణయానికి వ్యతిరేకంగా తాను ఓటు వేసినట్లు ఒక బ్రిటిష్ దినపత్రికలో రాశాడు. ఛాయాచిత్రకారుడి ధైర్యాన్ని మెచ్చుకుంటూనే, ప్రచారం కోసమే జరిగిన హత్యకు ఆ ప్రచారాన్ని మరింత పెంచి పెట్టినట్లవుతుందన్నది ఆయన అభ్యంతరం. ఎదురుగా తుపాకీ ఉన్నా వృత్తిధర్మం తప్పని చిత్రానికి గౌరవం దక్కాలన్నది గెలిచిన పక్షం వాదన. పరుల బాధను చూడడంలోని చిక్కులపై సుసాన్ సొంటాగ్ 2003లో లేవనెత్తిన ప్రశ్నలకు, చిత్రకారుడికీ, చిత్రంలోని వ్యక్తికీ, ప్రేక్షకుడికీ మధ్య పౌర సంబంధం ఉంటుందని అరియెల్లా అజూలే 2008లో చేసిన ప్రతిపాదనకు ఇటువంటి తీర్పులు ఆచరణలో పరీక్షలవుతాయి.

*ప్రాతినిధ్య వాదం.* ఎవరు చూస్తున్నారన్నదాన్ని బట్టే ఏది గెలుస్తుందో నిర్ణయమవుతుందనేది నాలుగో ధోరణి. 2015లో స్టర్లింగ్ విశ్వవిద్యాలయంతో కలిసి వరల్డ్ ప్రెస్ ఫోటో జరిపిన సర్వేలో వందకు పైగా దేశాలకు చెందిన 1,556 మంది ఛాయాచిత్రకారులు పాల్గొనగా, వారిలో దాదాపు 85 శాతం పురుషులే. పంపేవారిలోనూ ఎంచేవారిలోనూ ఐరోపా, ఉత్తర అమెరికాల వాటా ఎక్కువన్న విమర్శకు ఈ గణాంకం స్త్రీపురుష అసమానతను కూడా జోడించింది. దక్షిణాఫ్రికాకు చెందిన లెక్‌గెథో మకోలా 2020లో, నేపాల్‌కు చెందిన నయన్‌తార గురుంగ్ కక్షపతి 2021లో జ్యూరీకి అధ్యక్షత వహించారు. 2022లో మార్పు మరింత లోతుకు వెళ్లింది: ప్రపంచాన్ని ఆరు ప్రాంతాలుగా విభజించి, ఒక్కో ప్రాంతానికి ఆ ప్రాంతం తెలిసిన జ్యూరీని నియమించి, ప్రాంతీయ అధ్యక్షులతో ప్రపంచ జ్యూరీని ఏర్పరిచారు. ఆ ఏడాది కెనడాలోని కామ్‌లూప్స్ ఆదివాసీ వసతి పాఠశాలలో మరణించిన పిల్లల స్మృతిగా శిలువలకు వేలాడదీసిన ఎర్ర గౌన్ల చిత్రానికి అంబర్ బ్రాకెన్ ప్రథమ గౌరవం పొందింది. మనుషులే కనిపించని చిత్రానికి ఆ గౌరవం దక్కడం అదే తొలిసారి.

ధోరణుల తులనాత్మక సంగ్రహం

– రూపవాదం అడిగేది చిత్రం ఎలా ఉందని. పేరు, ఊరు చూడని సమానత్వం దాని బలం. ఆ చూపుకే ఒక ఊరు ఉందని గుర్తించకపోవడం దాని లోపం. అంకెల పద్ధతి దానికి తగినది.

– సాక్ష్యవాదం అడిగేది చిత్రం ఎలా తయారైందని. తనిఖీకి లొంగే ప్రమాణాలు దాని బలం. ఫైలు బయట జరిగిన నాటకాన్ని పట్టలేకపోవడం దాని పరిమితి. ఫోరెన్సిక్ నిపుణుడు, విచారణ దానికి తగినవి.

– నైతిక బాధ్యతా వాదం అడిగేది చిత్రాన్ని గౌరవిస్తే ఏమవుతుందని. పర్యవసానాన్ని లెక్కలోకి తీసుకోవడం దాని బలం. ఆ పర్యవసానాన్ని ముందుగా ఎవరూ కచ్చితంగా చెప్పలేకపోవడం దాని బలహీనత. చర్చ, భిన్నాభిప్రాయ ప్రకటన దానికి తగినవి.

– ప్రాతినిధ్య వాదం అడిగేది ఎవరు తీర్పు చెబుతున్నారని. స్థానిక సందర్భజ్ఞానం దాని బలం. ఒక ప్రాంతమంతా ఒకే గొంతుతో మాట్లాడుతుందన్న భ్రమకు తావివ్వడం దాని ప్రమాదం. మండలి కూర్పు, అధ్యక్ష పదవి దానికి కీలకం.

ఈ నాలుగూ ఒకదానికొకటి పూర్తిగా విరుద్ధాలు కావు. ఒకే పోటీలో నాలుగూ పనిచేస్తాయి, అయితే వేర్వేరు దశల్లో పనిచేయాలి. ఏ దశలో ఏది పనిచేయాలో నియమావళి స్పష్టం చేయనప్పుడే ఘర్షణ పుడుతుంది.

భారతీయ చిత్రాలు, బయటి తీర్పరులు

భారతదేశానికి సంబంధించిన కొన్ని తీర్పులు ఈ ధోరణులన్నిటినీ ఒకచోట చూపుతాయి. భోపాల్ విషవాయు దుర్ఘటనలో మరణించిన పసిబిడ్డను పూడ్చిపెడుతున్న దృశ్యాన్ని 1984 డిసెంబరులో రఘు రాయ్ నలుపు తెలుపుల్లోనూ, పాబ్లో బార్తొలోమ్యూ రంగుల్లోనూ చిత్రించారు. బార్తొలోమ్యూ చిత్రం వరల్డ్ ప్రెస్ ఫోటో ఏడాది చిత్రంగా ఎంపికైంది. రాయ్ చిత్రం బహుమతితో నిమిత్తం లేకుండానే ఆ విషాదానికి ప్రతీకగా ప్రజల జ్ఞాపకంలో స్థిరపడింది. జ్యూరీ ఎంపికకూ, చరిత్ర ఎంపికకూ మధ్య ఉండే దూరాన్ని ఈ జంట స్పష్టంగా తెలుపుతుంది. రఘు రాయ్ 1990లలో అదే పోటీకి పలుమార్లు తీర్పరిగా వ్యవహరించడం ఈ సంబంధానికి మరో పార్శ్వం.

2018లో ఇటలీకి చెందిన అలెస్సియో మామో ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్ గ్రామీణులను నకిలీ భోజనపదార్థాలు పేర్చిన బల్లల ముందు కళ్లు మూసి నిలబెట్టి తీసిన చిత్రాలు వరల్డ్ ప్రెస్ ఫోటో ఇన్‌స్టాగ్రామ్ ఖాతాలో కనిపించినప్పుడు తీవ్ర నిరసన వ్యక్తమైంది. ఆ చిత్రమాలిక బహుమతి పొందినది కాదు. ఆ ఏడాది ఆయనకు బహుమతి వచ్చింది వేరే చిత్రానికి. అయినా బహుమతి ఇచ్చిన సంస్థ ప్రతిష్ఠ ఆ చిత్రాలకూ అంటుకుంది. జ్యూరీ ఒక చిత్రానికి ఇచ్చిన గుర్తింపు చిత్రకారుడి ఇతర పనికీ పాకుతుందని దీనివల్ల తేలుతుంది. 2020లో కశ్మీర్ జీవితంపై దార్ యాసీన్, ముఖ్తార్ ఖాన్, చన్నీ ఆనంద్ తీసిన చిత్రాలకు పులిట్జర్ ఫీచర్ బహుమతి లభించినప్పుడు భారతదేశంలో వచ్చిన అభ్యంతరాల్లో చిత్రాలపై వచ్చినవే కాక, ప్రశంసాపత్రంలో కశ్మీర్ ప్రతిపత్తిని వర్ణించిన మాటలపై వచ్చినవీ ఉన్నాయి. ఒక్క వాక్యపు ప్రశంస కూడా తీర్పులో భాగమేనని, దాన్ని అజాగ్రత్తగా రాస్తే చిత్రం వెనక్కిపోయి వాక్యం ముందుకొస్తుందని ఈ ఉదంతం నిరూపించింది.

తెలుగు ప్రాంతాల్లో సలాన్ సంస్కృతి

తెలుగు రాష్ట్రాల్లో ఛాయాచిత్ర పోటీ అంటే ఎక్కువమందికి పరిచయమైనది వార్తాచిత్ర జ్యూరీ కాదు, సలాన్ జ్యూరీ. ఫియాప్ వంటి సమాఖ్యల గుర్తింపు పొందిన పోటీల్లో యాక్సెప్టెన్సులు కూడబెట్టి, ఏఎఫ్‌ఐఏపీ, ఈఎఫ్‌ఐఏపీ వంటి బిరుదులను పేరు చివర చేర్చుకున్న ఛాయాచిత్రకారులు రెండు రాష్ట్రాల్లోనూ ఉన్నారు. ఏటా ఆగస్టు 19న ప్రపంచ ఛాయాచిత్ర దినోత్సవం పేరిట జరిగే పోటీల్లోనూ ఇదే సంప్రదాయం ఛాయలు కనిపిస్తాయి. పెద్ద సంస్థల అండ లేని పట్టణ స్టూడియో యజమానికి, ప్రభుత్వోద్యోగికి, ఉపాధ్యాయుడికి అంతర్జాతీయ గుర్తింపు తెచ్చిపెట్టిన ఘనత ఈ పద్ధతికే దక్కుతుంది.

దీని ఇబ్బందీ ఇందులోనే ఉంది. బిరుదు అంకెల మీద ఆధారపడినప్పుడు, అంకెలు తెచ్చిన విషయాలే మళ్లీ మళ్లీ తీయడం సహజం. సూర్యోదయాన వల విసిరే జాలరి, దుమ్ము రేపుతూ వచ్చే మంద, జాతరలో పసుపు పూసుకున్న ముఖం వంటివి సలాన్ గోడలకు అలవాటైన దృశ్యాలు కావడం వెనుక చిత్రకారుల ఊహాలోపం కన్నా, క్షణాల్లో అంకె వేయాల్సిన తీర్పరి పరిస్థితి ఎక్కువ కారణం. గతంలో బిరుదులు గెలిచినవారే తీర్పరులై, తమకు బిరుదు తెచ్చిన అభిరుచినే కొనసాగించే అవకాశం ఈ వ్యవస్థలో ఉంది. 2015 నుంచి హైదరాబాద్‌లో జరుగుతున్న ఇండియన్ ఫోటో ఫెస్టివల్ డాక్యుమెంటరీ, వ్యక్తిచిత్ర ధోరణులను సలాన్ పక్కన నిలపడం వల్ల, తీర్పుకు మరో కొలబద్ద ఉండవచ్చునన్న స్పృహ ఇక్కడి ఛాయాచిత్రకారులకు కలుగుతోంది.

కృత్రిమ మేధ తెచ్చిన కొత్త ప్రశ్న

2023లో జర్మనీకి చెందిన బోరిస్ ఎల్డాగ్సెన్ సోనీ ప్రపంచ ఛాయాచిత్ర పురస్కారాల ఓపెన్ పోటీలో సృజనాత్మక విభాగం విజేతగా ఎంపికై, తన చిత్రం కృత్రిమ మేధతో తయారైనదని చెబుతూ బహుమతిని నిరాకరించాడు. ఆ సాధనం వాడిన సంగతి తమకు ముందే తెలుసునని నిర్వాహకులు చెప్పగా, వారి స్పందన తీరును ఆయన తప్పుపట్టాడు. మరుసటి ఏడాది దీనికి తలకిందుల ఉదంతం జరిగింది: మైల్స్ ఆస్ట్రే తీసిన నిజమైన ఫ్లెమింగో పక్షి చిత్రం మరో పోటీలోని కృత్రిమ మేధ విభాగంలో మూడో స్థానం పొంది, అసలు సంగతి తెలిశాక అనర్హమైంది. ఈ రెండిటినీ కలిపి చూస్తే, తెరమీది బొమ్మను మాత్రమే చూసి దాని పుట్టుకను పోల్చుకోవడం అనుభవజ్ఞులైన తీర్పరులకు కూడా కష్టమవుతోందన్న నిర్ణయానికి రాక తప్పదు. వరల్డ్ ప్రెస్ ఫోటో తన ఓపెన్ ఫార్మాట్ విభాగంలో ఇటువంటి చిత్రాలను అనుమతించాలని 2023లో భావించి, ఛాయాచిత్రకారుల అభ్యంతరాల తరువాత ఆ ఏడాది నవంబరులోనే వెనక్కి తగ్గింది.

తేలని అంశాలు

మొదటిది తీర్పు కాలపరిమితి. వియత్నాంలో నాపామ్ మంటలకు కాలి పరుగెత్తుతున్న బాలిక చిత్రాన్ని 1973లో వరల్డ్ ప్రెస్ ఫోటో ఏడాది చిత్రంగా గౌరవించింది. ఆ చిత్రాన్ని దాని ఛాయాచిత్రకారుడిగా గుర్తింపు పొందిన నిక్ ఉట్ తీశాడా, మరొకరు తీశారా అని ఒక డాక్యుమెంటరీ చిత్రం ప్రశ్నించాక, 2025 మేలో సంస్థ బహుమతిని అలాగే ఉంచి, చిత్రకారుడి పేరును మాత్రం నిలిపివేసింది. వార్తాసంస్థ అసోసియేటెడ్ ప్రెస్ మాత్రం తన విచారణ తరువాత ఆ పేరును కొనసాగించింది. అర్ధశతాబ్దం తరువాత ఒకే చిత్రంపై రెండు సంస్థలు రెండు నిర్ణయాలకు రావడం, జ్యూరీ తీర్పుకు పునర్విచారణ విధానం ఎలా ఉండాలన్న ప్రశ్నను మిగిల్చింది.

రెండోది తీర్పరుల పరిచయాలు. అంతర్జాతీయ ఫోటో జర్నలిజం చిన్న ప్రపంచం. ప్రసిద్ధ చిత్రాలు పోటీకి ముందే పత్రికల్లో వచ్చి ఉంటాయి కనుక పేరు దాచినంత మాత్రాన గుర్తుపట్టడం ఆగదు. వృత్తి సంబంధం ఉన్న సభ్యుడు ఓటింగ్‌కు దూరంగా ఉండాలన్న నియమం ఎంత దూరపు సంబంధం వరకు వర్తించాలో స్పష్టమైన ఒప్పందం లేదు.

మూడోది ప్రాంతీయ విభజన. స్థానికులే స్థానిక చిత్రాన్ని చూస్తే న్యాయం జరుగుతుందనుకున్నా, ఒక ప్రాంతంలోని సమాజాల మధ్య ఉన్న అంతరాలను, కులమత వర్గభేదాలను ఆ విభజన పట్టించుకోదు. జ్యూరీలో ఒక భారతీయుడు ఉన్నంత మాత్రాన బస్తర్ గురించో, పల్నాడు గురించో అతడికి తెలిసి ఉంటుందన్న హామీ లేదు.

ముగింపు

ఈ సమీక్షలో విడదీసిన మూడు ప్రశ్నల్లో, చిత్రం నిజమైనదేనా అన్నదానికి జవాబు చెప్పే బాధ్యత చాలావరకు జ్యూరీ నుంచి తనిఖీ వ్యవస్థకు మారింది. అది అలా మారడమే సముచితం. చిత్రం మంచిదేనా అన్న ప్రశ్నకు ఏకైక జవాబు ఉండదు, ఉండాలని ఆశించడం వల్లనే నిరాశ పుడుతుంది. అక్కడ చేయగలిగింది మండలి కూర్పును విస్తరించి, తొలి వడపోతకు తగినంత సమయం ఇవ్వడమే. గౌరవించడం తగునా అన్న మూడో ప్రశ్న మాత్రం పూర్తిగా తీర్పరుల భుజాల మీదే ఉంది, దాన్ని మరొకరికి అప్పగించే వీలు లేదు. న్యాయస్థానం తీర్పుతోపాటు కారణాలను, అసమ్మతి తీర్పును కూడా నమోదు చేస్తుంది; ఛాయాచిత్ర జ్యూరీలు మాత్రం సాధారణంగా విజేత పేరునూ రెండు మూడు ప్రశంసా వాక్యాలనూ ఇచ్చి ఊరుకుంటాయి. 2017లో ఒక అధ్యక్షుడి అసమ్మతి వ్యాసం వల్ల ఆ బహుమతి విలువ తగ్గలేదు సరికదా, ఆ చిత్రం ఎందుకు గెలిచిందో, ఏ వాదనను ఓడించి గెలిచిందో పాఠకులకు తెలిసిన అరుదైన ఏడాదిగా అది మిగిలింది. ప్రతి పెద్ద పోటీ తన తుది నిర్ణయానికి కారణాలను, ఓట్ల విభజనను, అసమ్మతివాదుల వాదనను లిఖితపూర్వకంగా వెల్లడించడం నియమంగా పెట్టుకుంటే, తీర్పరులపై వచ్చే అనుమానాల్లో చాలావాటికి సమాధానం దొరుకుతుంది. మిగిలే భేదాభిప్రాయం నిజమైన అభిరుచి భేదమై, చర్చించదగినదిగా ఉంటుంది.